అన్నా రాజం జార్జ్ పనిచేసిన ఫైళ్లు ఎక్కడున్నాయి? తమిళనాడు ప్రధాన కార్యదర్శి గారికి బహిరంగ లేఖ

తమిళనాడు ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి గారికి,
ప్రతులు: ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాల ప్రధాన కార్యదర్శులకు

గౌరవనీయులకు నమస్కారాలు.

నేను చిత్తూరు జిల్లా రెవెన్యూ శాఖలో జూనియర్ అసిస్టెంటుగా చేరి, కుప్పం, పలమనేరు ప్రాంతాల్లో ఎక్కువ కాలం పనిచేసి, డిప్యూటీ తహశీల్దారుగా పదవీ విరమణ చేసినవాణ్ని. మీ ప్రభుత్వంలో ఏనాడూ ఉద్యోగం చేయలేదు, మీ రాష్ట్రంలో నాకు ఓటు కూడా లేదు. అయినా అన్నా రాజం గారు పనిచేసిన నాటి మీ రాష్ట్రపు దస్త్రాల గురించి మీకు లేఖ రాసే చొరవ తీసుకుంటున్నానంటే, ఆ దస్త్రాలు పుట్టిన నాటికి మన మధ్య సరిహద్దు లేకపోవడమే అందుకు కారణం. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడే వరకు చిత్తూరు, సేలం, ఉత్తర ఆర్కాటు కలెక్టర్లు ముగ్గురూ మద్రాసులోని ఒకే రెవెన్యూ బోర్డుకు జవాబు చెప్పుకొనేవారు. లేఖను తెలుగులో రాయడానికీ అదే కారణం. హోసూరు, కృష్ణగిరి, డెంకణికోట పరిసరాల్లో ఇళ్లలో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఈనాటికీ ఎన్నో ఉన్నాయి. నేను చెప్పబోయేది వాళ్ల ప్రాంతానికి సంబంధించిన సంగతి కాబట్టి వాళ్లూ చదవాలని నా కోరిక. మీ కార్యాలయ సౌకర్యార్థం ఇంగ్లీషు ప్రతిని రిజిస్టరు పోస్టులో విడిగా పంపుతున్నాను.

విషయం శ్రీమతి అన్నా రాజం మల్హోత్రా ఉద్యోగ జీవితానికి సంబంధించినది. ఐ.ఏ.ఎస్.లో చేరిన తొలి మహిళగా ఆమె పేరు పోటీ పరీక్షలకు చదివే పిల్లలందరికీ తెలుసు. అయితే ఒక మార్కు ప్రశ్నకు ఒక మార్కు జవాబుగానే తెలుసు. ఆమె కూర్చున్న కుర్చీ ఏమిటో చెప్పగలిగినవాళ్లు ఎందరో ఉన్నారు గాని, ఆ కుర్చీలో కూర్చుని ఆమె ఏం రాశారో, ఏం తేల్చారో చెప్పగలిగినవాళ్లు నాకు ఎక్కడా తగల్లేదు. ముప్పై ఏళ్లకు పైగా ఫైళ్లతో బతికినవాణ్ని కాబట్టి, ఒక అధికారి ఎలాంటివారో తెలుసుకోవాలంటే సన్మాన సభలో చెప్పిన మాటల కంటే ఫైలు నోటు పక్కన రాసిన రెండు పంక్తులు ఎక్కువ పనికొస్తాయని నా నమ్మకం. ఆ రెండు పంక్తులు మీ ప్రభుత్వం దగ్గర ఉండాలి. వాటిని వెతికించి, తెరిచి, అచ్చు వేయించమని కోరడానికే ఈ లేఖ.

ఆమె తిరువితాంకూరు సంస్థానంలోని నిరణం గ్రామంలో పుట్టి, కోళికోడులో పెరిగి, మద్రాసు విశ్వవిద్యాలయంలో పై చదువు పూర్తి చేశారు. అప్పటి పేరు అన్నా రాజం జార్జ్. కోళికోడు ఉన్న మలబారు అప్పట్లో మద్రాసు ప్రభుత్వం కింది జిల్లాయే కాబట్టి, ఆమె మద్రాసు కేడరును, అంటే మద్రాసు రాష్ట్రంలో పనిచేసే ఐ.ఏ.ఎస్. అధికారుల వర్గాన్ని, కోరుకోవడంలో వింతేమీ లేదు. వింతగా తోచింది ఇంటర్వ్యూ బోర్డుకు. యూనియన్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ అధ్యక్షులు ఆర్.ఎన్. బెనర్జీ, ఆయనతో పాటు కూర్చున్న బ్రిటిషు కాలపు ఐ.సి.ఎస్. అధికారులు కలిసి, పరిపాలన సర్వీసు వద్దు, విదేశాంగ సర్వీసో కేంద్ర సర్వీసుల్లో మరొకటో తీసుకోమని, ఆడవాళ్లకు అవే అనువుగా ఉంటాయని నచ్చజెప్పబోయినట్లు ఆమె తరువాతి రోజుల్లో చెప్పారు. ఆమె వినలేదు.

ఇక్కడ ఒక్క మాట అదనంగా చెప్పకుండా ఉండలేను. స్త్రీలకు అనువైనదని ఆమెకు చూపించిన ఆ విదేశాంగ సర్వీసులోకి రెండేళ్ల ముందే, 1949లో, కొడగుకు చెందిన సి.బి. ముత్తమ్మ గారు చేరారు. ఆ సర్వీసు ఆడవాళ్లకు పనికిరాదని చెప్పి ఆమెనూ నిరుత్సాహపరిచారు. పెళ్లి చేసుకుంటే రాజీనామా చేస్తానని ఆమె చేత హామీ రాయించుకున్నారు. అంటే ఒకమ్మాయిని ఈ గుమ్మం దగ్గర ఆపి ఆ గుమ్మం చూపించినవాళ్లే, మరో అమ్మాయిని ఆ గుమ్మం దగ్గరా ఆపారు. మా ఆఫీసుల్లో అర్జీదారును ఈ సెక్షను నుంచి ఆ సెక్షనుకు తిప్పే పద్ధతి నాకు బాగా తెలుసు. అంత పెద్ద స్థాయిలోనూ అదే జరిగిందని చదివినప్పుడు నవ్వాలో బాధపడాలో తెలియలేదు.

1951లో ఆమె సర్వీసులో చేరారు. ఆ రోజుల్లో శిక్షణ ఇప్పటిలా ముస్సోరీలో కాదు, ఢిల్లీలోని మెట్‌కాఫ్ హౌస్‌లో జరిగేది. గుర్రపు స్వారీ, తుపాకి కాల్చడం కూడా శిక్షణలో భాగమే. ఆ తరువాత ఆమె మద్రాసుకు వచ్చేటప్పటికి ముఖ్యమంత్రి చక్రవర్తి రాజగోపాలాచారి గారు. ఆయన 1952 ఏప్రిల్‌లో ఆ పదవి చేపట్టారు. స్త్రీలు ఇలాంటి ఉద్యోగాల్లోకి రావడం ఆయనకు ఇష్టం లేదని, జిల్లాలో కొన్ని తాలూకాల రెవెన్యూ డివిజనును చూసే సబ్ కలెక్టరు పోస్టుకు బదులు సచివాలయంలో పని ఇవ్వజూపారని, శాంతిభద్రతలు చూడవలసిన బాధ్యత ఆడమనిషికి ఎలా అప్పగించాలన్నదే ఆయన సందేహమని ఆమె జీవిత కథనాలన్నీ చెబుతున్నాయి. తోటి మగ అధికారులు నేర్చుకున్న స్వారీ, తుపాకి తానూ నేర్చుకున్నప్పుడు, వాళ్లకిచ్చిన అవకాశం తనకెందుకు ఇవ్వరని ఆమె వాదించారు. చివరకు సబ్ కలెక్టరుగానే వేశారు. తిరుచ్చిలో జరిగిన ఒక సభలో అదే రాజాజీ ఆమెను ఆదర్శంగా చూపి మాట్లాడారట. ఆయన మనసు మార్చుకోగలిగారంటే అది ఆయన గొప్పతనమే, సందేహం లేదు. కాని మనసు మారడానికి కారణమేమిటి? ఆ మధ్య కాలంలో ఆమె చేసిన పని. ఆ పని ఏమిటన్నది మాత్రం ఎవరూ చెప్పరు.

ఇప్పుడు నన్ను ఈ లేఖ రాయడానికి పురికొల్పిన అసలు చిక్కుకు వస్తాను. ఆమెను మొదట ఎక్కడ వేశారు? తిరుపత్తూరు సబ్ కలెక్టరుగా అని కొన్ని కథనాలు, హోసూరు సబ్ కలెక్టరుగా అని మరికొన్ని కథనాలు అంటున్నాయి. స్వతంత్ర భారతదేశంలో ఒక రెవెన్యూ డివిజనుకు తొలి మహిళా అధికారి ఎవరంటే అందరమూ ఆమె పేరే చెబుతాం గాని, ఆ డివిజను పేరు దగ్గరికి వచ్చేసరికి రెండు నోళ్లు రెండు మాటలు చెబుతున్నాయి. రెండూ నిజమై ఉండవచ్చు, ఒకదాని తరువాత ఒకటి. అలాగైతే ఏది ముందు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు? ఇది చర్చించి తేల్చవలసిన చరిత్ర సమస్య కాదు, ఒక గుమస్తా ఒక పూటలో తీసి చూపించగల సంగతి. గెజిటెడ్ అధికారుల నియామకాలు, బదిలీలు మద్రాసు ప్రభుత్వ ప్రకటనల పత్రిక అయిన ఫోర్ట్ సెయింట్ జార్జ్ గెజెట్‌లో అచ్చయ్యేవి. ఆ సంపుటాలు చెన్నై ఎగ్మూరులోని మీ రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉండవలసినవి. చార్జి తీసుకున్నట్లు, చార్జి అప్పగించినట్లు సంతకాలు చేసిన పత్రం ప్రతి అధికారి విషయంలోనూ ఉంటుంది. దేశమంతా గర్వంగా చెప్పుకొనే ఒక నియామకానికి ఊరి పేరు కూడా ఖాయంగా లేదంటే, తప్పు కథలు రాసినవాళ్లది కాదు, గెజెట్‌ను తీసి చూపించని మనందరిది.

ఆ కాగితాలు ఎందుకు కనబడకుండా పోతాయో రెవెన్యూలో పనిచేసినవాడిగా ఊహించగలను. హోసూరు అప్పట్లో సేలం జిల్లాలోది. 1965 అక్టోబరులో ధర్మపురి జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వెళ్లింది. 2004 ఫిబ్రవరిలో కృష్ణగిరి జిల్లా ఏర్పడినప్పుడు మళ్లీ చేతులు మారింది. తిరుపత్తూరు ఉత్తర ఆర్కాటులోది; ఆ జిల్లా 1989లో రెండుగా చీలింది, వేలూరు జిల్లాగా పేరు మారింది, అందులోంచి 2019 నవంబరులో తిరుపత్తూరు తానే ఒక జిల్లా అయింది. జిల్లా చీలిన ప్రతిసారీ ఫైళ్లు మూటలు కట్టి లారీ ఎక్కుతాయి. మూట కట్టే మనిషికి అందులో ఏముందో తెలియదు, విప్పే మనిషికి అంతకంటే తెలియదు. దానికి తోడు 1953లో ఆంధ్రకు, 1956లో కేరళకు, మైసూరుకు ఆయా జిల్లాలు వెళ్లిపోవడంతో మద్రాసు ప్రభుత్వపు దస్త్రాలూ పంపకాలకు వచ్చాయి. అందువల్ల ఆమె సంతకం ఉన్న కాగితం సేలంలో ఉండవచ్చు, ధర్మపురిలో ఉండవచ్చు, కృష్ణగిరి, వేలూరు, తిరుపత్తూరు, ఎగ్మూరుల్లో ఎక్కడైనా ఉండవచ్చు. ఒక్క మనిషి కాళ్లరిగేలా తిరిగి కనిపెట్టగలిగేది కాదు. మీ సంతకంతో ఒక ఉత్తర్వు వెళితే మాత్రం ఆరు చోట్లా ఒకేసారి వెతుకుతారు.

ఇంకో ప్రమాదం కూడా ఉంది, అది మా శాఖ సృష్టించినదే. పాత మద్రాసు పద్ధతిలో ముగిసిన ఫైలుకు ఒక గుర్తు పెట్టి రికార్డు రూముకు పంపుతాం. ఆర్.డిస్. అంటే శాశ్వతంగా దాచవలసినది, డి.డిస్. అంటే పదేళ్ల తరువాత నాశనం చేయదగినది, ఎల్.డిస్. అంటే ఏడాదితో చెల్లిపోయేది. ఏ ఫైలుకు ఏ గుర్తు పడాలన్నది చాలాసార్లు సెక్షను గుమస్తా ఆ రోజు తీరికను బట్టి తేలిపోతుంది. భూమి హక్కుల తగాదాకు ఆర్.డిస్. పడుతుంది. అధికారి పర్యటన నోట్సుకూ, ఊళ్లోకి జంతువులు వస్తున్నాయన్న అర్జీకీ అంత గౌరవం దక్కదు. నేను పనిచేసిన ఒక కార్యాలయంలో, పేరు చెప్పడం ఇప్పుడు ఉచితం కాదు, పాత పర్యటన డైరీలను చెదలు పట్టాయన్న సాకుతో తూకానికి వేసేశారు. ఆ జాబితా మీద చిన్న సంతకం నాదీ ఉంది. అప్పట్లో నాకు అది ఖాళీ అయిన బీరువాగానే కనిపించింది. ఈ లేఖలో కనిపించే తొందరకు ఆ సంతకం కూడా ఒక కారణమని ఒప్పుకుంటున్నాను.

ఏనుగుల సంగతి చెప్పకుండా ఈ లేఖ పూర్తి కాదు. హోసూరు ప్రాంతంలో ఆమె సబ్ కలెక్టరుగా ఉన్నప్పుడు ఏనుగుల గుంపు ఒకటి ఊరి మీదికి వచ్చిందని, కాల్చివేయాలని ఒత్తిడి వచ్చినా ఆమె ఒప్పుకోక వాటిని అడవిలోకి మళ్లింపజేశారని ఆమె గురించి రాసినవాళ్లు చెబుతారు. ధైర్యసాహసాలకు ఉదాహరణగా ఈ కథను చెప్పి అక్కడితో వదిలేస్తారు. నాకు మాత్రం ఈ కథ చదవగానే ప్రశ్నల వరద వచ్చింది. ఏ ఊరది? ఏ పంట మీద ఉన్నప్పుడు వచ్చాయి? అటవీ శాఖ వాళ్లు ఏం సలహా ఇచ్చారు? తప్పెట్లు కొట్టించారా, మంటలు వేయించారా, మనుషుల్ని ఎక్కడినుంచి పిలిపించారు? నష్టపోయిన రైతుకు ఏమైనా ఇచ్చారా, ఇస్తే ఏ పద్దు కింద ఇచ్చారు?

ఇవి కాలక్షేపానికి అడుగుతున్నవి కావు. 1980లలో హోసూరు, ధర్మపురి అడవుల నుంచే ఏనుగులు మా కుప్పం, పలమనేరు వైపు వచ్చి స్థిరపడ్డాయి. వాటి కోసమే 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పాటైంది. ఆ ఏనుగులు తొక్కిన చెరకు తోటలకు, వరి మడులకు పంచనామా రాసినవాళ్లలో నేనొకణ్ని. రాత్రి రెండు గంటలకు రైతులు వచ్చి తలుపు కొడితే, ఏం చేయాలో చెప్పే కాగితం ఒక్కటీ నా దగ్గర ఉండేది కాదు. మాకు ఏనుగులు కొత్త, అనుభవం కొత్త. సరిహద్దుకు అవతల, ముప్పై ఏళ్ల ముందే, ఒక సబ్ కలెక్టరు ఇదే చిక్కును తుపాకి పేలకుండా ఎదుర్కొన్నారని తెలిసి ఉంటే, ఆ ఫైలు నకలు కోసం అప్పుడే రాసి ఉండేవాణ్ని. మీ హోసూరు, డెంకణికోట రైతులు రాగి చేలలో మంచెలు వేసుకుని ఇప్పటికీ రాత్రిళ్లు కాపు కాస్తున్నారు. ఆ ఫైలు దొరికితే అది పాత కథగా మిగిలిపోదు, పనికొచ్చే కాగితం అవుతుంది. తొలి మహిళ అన్న బిరుదు కింద ఆమె పని ఎలా కప్పబడిపోయిందో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

ఆమె గుర్రం మీద ఊళ్లు తిరిగేవారు. ఒక పల్లెలో ఆడవాళ్లు ఆమెను చూడాలని పట్టుబడితే, చూద్దురు గానీ రమ్మన్నారట. ఒక ముసలమ్మ ఆమె చుట్టూ తిరిగి తిరిగి చూసి, ఈమె కూడా మనలాగానే ఉందే అన్నదట. ఈ సంగతిని అన్నా రాజం గారే చెప్పుకొచ్చారు. ఆ ముసలమ్మ ఏమి ఊహించుకుని వచ్చిందో గాని, మాటలో కొంత నిరాశ ఉన్నట్లు నాకు అనిపిస్తుంది. దొర అంటే తమకంటే వేరుగా ఉండాలన్న అలవాటు అంత లోతైనది. మా తాలూకాఫీసులో మొదటిసారి మహిళా తహశీల్దారు చేరినప్పుడు రైతులు చాలా కాలం ఆమెను సార్ అనే పిలిచారు. ఆమె దిద్దలేదు, కొన్నాళ్లకు వాళ్లే అమ్మా అనడం మొదలుపెట్టారు.

ఇక రెండో విషయం, కొంచెం ఇబ్బందికరమైనది. అన్నా రాజం గారి నియామకపు ఉత్తర్వులో, పెళ్లి చేసుకుంటే ఉద్యోగం పోతుందన్న షరతు ఉండేదని ఆమె స్వయంగా చెప్పారు. ఇది ఆమె ఒక్కరికి పెట్టిన ప్రత్యేక షరతు అనుకుంటే పొరపాటు. 1954 నాటి ఐ.ఏ.ఎస్. నియామక నిబంధనల్లోనే, వివాహితకు ఈ సర్వీసులో హక్కుగా ఉద్యోగం రాదని, చేరిన తరువాత వివాహం చేసుకున్న మహిళను సర్వీసు సామర్థ్యం కోసం అవసరమనుకుంటే రాజీనామా చేయమని కేంద్ర ప్రభుత్వం అడగవచ్చని రాసి ఉండేది. 1972లో గాని ఆ నిబంధన పోలేదు. విదేశాంగ సర్వీసులోని ఇలాంటి నిబంధనల మీద ముత్తమ్మ గారు సుప్రీంకోర్టు దాకా వెళ్లవలసి వచ్చింది. 1979లో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఇచ్చిన తీర్పు చదివితే, ఆ వివక్షను చూసి ఆయనకు ఎంత కోపం వచ్చిందో తెలుస్తుంది. రాజ్యాంగంలోని 16వ అధికరణం ప్రభుత్వ ఉద్యోగాల్లో లింగ భేదం కూడదని 1950లోనే చెప్పింది. ఆ రాజ్యాంగం కింద చేరిన అధికారికి, ఆ రాజ్యాంగం పేరుతో నడిచే ప్రభుత్వమే ఈ షరతు పెట్టింది.

అన్నా రాజం గారు తన బ్యాచ్‌కే చెందిన ఆర్.ఎన్. మల్హోత్రా గారిని 1985లో వివాహమాడారు. అదే ఏడాది ఆయన రిజర్వు బ్యాంకు గవర్నరు అయ్యారు. ఆ ముప్పై నాలుగేళ్ల విరామానికి ఆ షరతుకూ సంబంధం ఉందో లేదో ఊహించడం మర్యాద కాదు, అది ఆమె సొంత విషయం. ఉత్తర్వు మాత్రం సొంత విషయం కాదు, ప్రభుత్వ పత్రం. ఆమె పేరుతో ఉపన్యాసాలు ఇచ్చే ప్రతి చోటా ఆ పత్రం నకలు పక్కనే గోడకు ఉండాలని నా అభిప్రాయం. ఎందుకంటే ఆమె కథను మనం ఎప్పుడూ ఒక ధీర వనిత అడ్డంకులు దాటిన కథగానే చెప్పుకుంటాం. ఆ అడ్డంకులు కొండలో, ఏళ్లో అయినట్లు. వాటికి నంబరు, తేదీ, సంతకం ఉన్నాయి. వాటిని టైపు చేసింది నాలాంటి గుమస్తా, ఆమోదించింది మీలాంటి అధికారి.

ఆమె తరువాతి ఉద్యోగ జీవితం గురించి ఇక్కడ విపులంగా రాయను, అది కొంతవరకు తెలిసినదే. ఏడుగురు ముఖ్యమంత్రుల కాలంలో పనిచేశారంటారు. కేంద్రానికి వెళ్లాక, కాలి చీలమండ ఎముక విరిగి ఉన్నా ఇందిరాగాంధీ గారి వెంట ఆహారోత్పత్తి పనుల మీద ఎనిమిది రాష్ట్రాలు తిరిగారంటారు. 1982 ఆసియా క్రీడల ఏర్పాట్లలో రాజీవ్ గాంధీ గారితో కలిసి పనిచేశారు. ముంబయి దగ్గర నవా శేవా ఓడరేవు నిర్మాణానికి నాయకత్వం వహించారు; అది 1989లో పని మొదలుపెట్టింది, ఆ ఏడాదే ఆమెకు పద్మభూషణ్ వచ్చింది. 2018 సెప్టెంబరు 17న ముంబయిలో కన్నుమూశారు. ఓడరేవు కళ్లకు కనబడుతుంది కాబట్టి దాని గురించి చెప్పేవాళ్లున్నారు. డివిజను పని అలా కనబడదు.

అది ఎలాంటి కాలమో కూడా గుర్తుచేయాలి. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం కింద జమీందారీ గ్రామాలు ప్రభుత్వానికి వస్తూ, నేరుగా రైతు పేరనే భూమి శిస్తు నిర్ణయించే రైతువారీ సెటిల్మెంటు జరుగుతున్న రోజులవి. 1952 జూన్‌లో రాజాజీ ప్రభుత్వం ఆహారధాన్యాల మీద కంట్రోలు ఎత్తివేసింది. ఆ ఏడాది డిసెంబరులో పొట్టి శ్రీరాములు గారు మద్రాసులోనే నిరాహార దీక్షలో ఆహుతైపోయారు, ఆంధ్ర జిల్లాలు అట్టుడికిపోయాయి. భాషల సరిహద్దు ఎక్కడ గీయాలన్న వాదం రగులుతున్నప్పుడు, తెలుగు, తమిళం, కన్నడం మూడూ వినబడే ఒక మూల డివిజనులో, మలయాళం మాతృభాషగా గల ఒక యువతి మేజిస్ట్రేటు అధికారాలతో కూర్చుందంటే, ఆ కుర్చీ ఎంత బరువైనదో ఊహించవచ్చు. జమాబందీలో, అంటే గ్రామ లెక్కల వార్షిక తనిఖీలో, కరణాలు, మునసబులు ఆమె ముందు లెక్కలు పెట్టేటప్పుడు ఏ భాషలో మాట్లాడారు? ఫసలీ 1362 (రెవెన్యూ సంవత్సరం 1952-53) నాటి లెక్కల మీద ఆమె ఏ తప్పులు పట్టుకున్నారు? జమాబందీ అధికారి చిన్న సంతకాలు గ్రామ లెక్కల పుస్తకాల మీదే ఉంటాయి. ఆ పుస్తకాలు భూముల కోసమైనా ఎవరో ఒకరు దాచి ఉంచుతారు కాబట్టి, అక్కడే ఆమె చేతిరాత దొరికే అవకాశం ఎక్కువని నా అనుభవం చెబుతోంది.

నేను విగ్రహం అడగడం లేదు, వీధికి పేరూ అడగడం లేదు. సబ్ కలెక్టరు గదిలో కుర్చీ వెనుక, ఇంతవరకు పనిచేసిన అధికారుల పేర్లతో ఒక చెక్క బోర్డు ఉండడం మన రెండు రాష్ట్రాల్లోనూ ఆనవాయితీ. పేరు, చేరిన తేదీ, వెళ్లిన తేదీ, అంతే దాని మీద ఉండేది. ఆ రెండు తేదీల మధ్య జరిగినదే నేను అడుగుతున్నది. ముందుగా, ఆమె కేడరు కేటాయింపు, తొలి నియామకం, మద్రాసు రాష్ట్రంలో ఆమె నిర్వహించిన పదవులన్నిటి తేదీలు గెజెట్‌ను బట్టి సరిచూసి అధికారికంగా ప్రకటించండి. ఆ తరువాత సేలం, ధర్మపురి, కృష్ణగిరి, వేలూరు, తిరుపత్తూరు కలెక్టరేట్లలోనూ ఎగ్మూరు ఆర్కైవ్స్‌లోనూ ఆమె కాలపు ఫైళ్లకు, పర్యటన నోట్సుకు, జమాబందీ రికార్డులకు ఒక జాబితా తయారుచేయించండి. ఆ జాబితా ముగిసేవరకు ఆ సంవత్సరాల ఫైళ్లు వేటినీ నాశనం చేయవద్దని ఉత్తర్వు ఇవ్వండి. ఇది మాత్రం రేపే జరగవలసిన పని. దొరికినవాటిలో ముఖ్యమైనవి, వివాహ షరతుతో కూడిన ఉత్తర్వుతో సహా, తమిళం, ఇంగ్లీషులతో పాటు తెలుగు, కన్నడ అనువాదాలతో ప్రచురించండి.

ఆమెను సబ్ కలెక్టరుగా వేయాలా, సచివాలయంలో ఉంచాలా అన్న ప్రశ్న మీద ప్రభుత్వంలో నోట్సు నడిచి ఉంటే, వాటినీ దాచకండి. ఎవరు ఏమన్నారో బయటపడితే పెద్దవాళ్ల పేర్లు చెడుతాయన్న భయం అక్కరలేదు. రాజాజీ అభ్యంతరం అందరికీ తెలిసినదే, ఆయన గౌరవం దానివల్ల తగ్గలేదు. పైగా ఆ నోట్సులో ఆమెను సమర్థించినవాళ్లు కూడా ఉండవచ్చు. ఆ మనిషి ఎవరో తెలుసుకోవాలని నాకు చాలా కుతూహలంగా ఉంది. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టమని మిత్రులు సలహా ఇచ్చారు. ఆ చట్టంలోని 4వ సెక్షను ప్రతి ప్రభుత్వ సంస్థా తన రికార్డులకు జాబితా, సూచిక తయారుచేసి ఉంచాలని చెబుతోంది. దరఖాస్తుకు జవాబుగా లభ్యం కాదు అన్న ఒక్క మాట వస్తే తలుపు మూసుకుపోతుందని వెనుకాడాను. వెతకకుండానే లభ్యం కాదని రాయడం ఎంత తేలికో నాకు తెలుసు, నేనూ రాశాను కాబట్టి.

ప్రతి అందుకున్న ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రధాన కార్యదర్శులకు కూడా ఒక విన్నపం. విభజన తరువాత ఆంధ్రప్రదేశ్‌కు 2019లో శ్రీమతి నీలం సాహ్నీ, తెలంగాణకు 2023లో శ్రీమతి శాంతికుమారి తొలి మహిళా ప్రధాన కార్యదర్శులయ్యారు. ఆ రెండు సందర్భాల్లోనూ పత్రికలు తొలి అన్న మాటను పెద్ద అక్షరాలతో వేశాయి. వాళ్ల కింద పనిచేసినవాళ్లు ఇంకా ఉద్యోగాల్లో ఉన్నారు, ఫైళ్లు ఇంకా కంప్యూటర్లలో ఉన్నాయి, జ్ఞాపకాలు చెదిరిపోలేదు. డెబ్బై ఏళ్ల తరువాత మా జిల్లా నుంచి మరో విశ్రాంత ఉద్యోగి ఇలాంటి లేఖే మీ తరువాతివారికి రాసుకోవలసిన అవసరం రాకుండా, ఆ కాగితాల మీద శాశ్వతంగా దాచాలన్న గుర్తు ఇప్పుడే వేయించండి. అలాగే 1953 తరువాత మన డివిజన్లలో, జిల్లాల్లో చార్జి తీసుకున్న తొలి మహిళల పేర్లు, తేదీలు, స్థలాలు ఒకచోట చేర్చి ప్రకటించండి.

పాత మద్రాసు రెవెన్యూ దస్త్రాల పద్ధతి, వాటిలోని సంక్షిప్తాలు, కలం రాతలు చదవడం నాకు వచ్చు. కరణాలు రాసిన గొలుసుకట్టు తెలుగు కూడా కొంత చదవగలను. తమిళం మాట్లాడతాను, అచ్చు తమిళం నెమ్మదిగా కూడబలుక్కుంటాను. కుప్పం నుంచి తిరుపత్తూరు గాని, కృష్ణగిరి గాని నాకు పెద్ద ప్రయాణం కాదు. మీరు అనుమతి ఇస్తే నా ఖర్చులతో వచ్చి, రికార్డు రూములో కూర్చుని, మీ సిబ్బంది తీసిచ్చిన కట్టలు విప్పి చూసి జాబితా రాసిపెడతాను. దుమ్ముకు అలవాటు పడ్డవాణ్నే. వేసవి ముగిసి వానలు మొదలయ్యేలోపు కబురు చేస్తే మేలు, తడి పట్టిన కట్టలను విప్పితే కాగితం చేతికి రాదు.

భవదీయుడు,
ఒక విశ్రాంత డిప్యూటీ తహశీల్దారు,
కుప్పం, చిత్తూరు జిల్లా